పచ్చపురుగును నమిలిన కందిరీగ

రాత్రి నుంచి ముసురు. పత్తికి మందు కొట్టే పని ఆగిపోయి అరుగు మీద కూర్చుంటే, సజ్జ కింద కందిరీగల తుట్టె కనిపించింది. కొట్టెయ్యబుద్ధి కాలేదు.

తొంభైలలో మా కరీంనగర్ వైపు పత్తి పెట్టిన దోస్తులారా, కాయ తొలిచే పచ్చపురుగు మీకు యాదుందా? మా చేనులో ఒక కందిరీగ దాన్ని పట్టి, తల నుంచి నమిలి ముద్ద చేస్తుంటే, మా అవ్వ, నన్ను కన్నతల్లి, పని వదిలి దాని ముందు గొంతుకూర్చుంది.

"నములు బిడ్డా, మెల్లగ నములు. మా పత్తి తిన్నదది. పానం జల్ది పోనియ్యకు."

"దానికి కూలిత్తవా ఏందే?" బాపు నవ్వాడు.

"ఇత్త. నీ మందుకైతే పురుగు తానం జేసి మల్ల కాయల దూరుతుంది."

బాపుకు రోషం వచ్చింది. మర్నాడు రెండు మందులు కలిపి కొట్టాడు. సాయంత్రానికి కందిరీగలు సాళ్లలో రాలి ఉన్నాయి. పురుగులు మాత్రం కాయల్లో భద్రంగా ఉన్నాయి. అవ్వ చేనులోకి దిగింది. కాయలు చీల్చి, ఒక్కో పురుగునూ తీసి, బండ మీద చెప్పుతో నలిపింది. చెప్పు పచ్చబడినా ఆపలేదు. పత్తి మాత్రం దక్కలేదు.

గట్టు మీది తుమ్మకున్న తుట్టె దసరాకు ముందే ఖాళీ అయింది. దీపావళి తెల్లారి బాపు మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి బస్సెక్కాడు.