గోధుమ లేని కేకు

నాకు ముక్కు మీద కోపం. మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ ఈ మాట ఊరందరికీ చెబుతూనే ఉంది కాబట్టి నేను దాచి ప్రయోజనం లేదు. ఆ కోపమే లేకపోతే నాకు ఈ పెళ్ళి జరిగేది కాదు. ఇది మాత్రం అమ్మ ఏనాడూ ఒప్పుకోలేదు.

మాది జగ్గయ్యపేట. మా మేనత్తని నందిగామలో ఇచ్చారు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, నేను అత్తయ్య ఇంట్లో ఉండగా, పక్కింటి అబ్బాయి నిచ్చెన అడగడానికి వచ్చాడు. నిచ్చెన తీసుకున్నాడు గాని గేటు దాటించలేకపోయాడు. నిలబెట్టి చూశాడు, పందిరికి తగిలింది. అడ్డంగా పట్టుకుని చూశాడు, రెండు స్తంభాలకీ కొట్టుకుంది. చివరికి దాన్ని కిందపెట్టి, గేటుకి జారబడి, తన మీద తనే పడీ పడీ నవ్వుకున్నాడు. మా ఇంట్లో మగాళ్ళయితే నిచ్చెనని తిడతారు, దాన్ని చేసిన వడ్రంగిని తిడతారు, ఆ పూట అన్నం మానేస్తారు. పొడుగ్గా పట్టుకుని నడిస్తే సరిపోతుందని నాకు తోచింది కాని చెప్పలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తూ, చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలి అనుకున్నాను.

ఆ సంగతి అత్తయ్య చెవిన వేశాను. అంతే, ఆ ఎండాకాలంలోనే ఆవిడ పెళ్ళిచూపులు ఖాయం చేసి, రెండు రోజుల ముందే బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది.

"కుర్రాడు బుద్ధిమంతుడే వదినా" అంది మా అమ్మతో. "ఒకటే చిక్కు. గోధుమ పడదు. రొట్టె, రవ్వ, మైదా, ఏది తిన్నా కడుపు డోలయిపోద్ది. మీరు టిఫిన్‌లో గోధుమ మాత్రం తగలనియ్యొద్దు."

"అదెంత పని, సున్నుండలు చేస్తా" అంది అమ్మ.

"ఏ ఇంటికెళ్ళినా అవేనంట. సున్నుండలు తినీ తినీ మొహం మొత్తిందంట. పాపం కేకు తినాలని సరదా. బెజవాడలో వాళ్ళ ఆఫీసులో టీ పార్టీ అయితే అందరూ కేకు తింటారు, ఇతనేమో కప్పు పట్టుకుని గోడ పక్కన నుంచుంటాడంట. వాళ్ళమ్మ చెప్పి బాధపడింది."

గోడ పక్కన కప్పు పట్టుకుని నుంచున్న ఆ మనిషి నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

"కేకు నేను చేస్తా" అన్నాను.

"నువ్వు గంజి వారిస్తే అన్నం కూడా దాంతోనే పోద్ది" అంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది. ఆ క్షణం నుంచి కేకు చేయడం తప్ప నాకు ఇంకో దారి లేకపోయింది.

మా ఇంట్లో ఓట్స్ డబ్బా ఒకటి ఉంది. అంతకుముందు నాన్నకి నీరసంగా ఉంటే నందిగామలో డాక్టరుగారు ఓట్స్ జావ తాగమన్నారు. నాన్న ఒక్క గుటక వేసి, "ఇది గుర్రాల దాణా. నేనేం జట్కా లాగడంలేదు" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ డబ్బా అటక మీదే ఉండిపోయింది. మా వీధి చివర ఉండే ఆస్పత్రి నర్సమ్మగారిని అడిగితే, గోధుమ లేకుండా ఓట్స్‌తోనే చేసుకోవచ్చని చెప్పింది. ఓట్స్ నేతిలో వేయించడం, కరిగించిన బెల్లం, పండిన అరటిపండు, వేరుశనగపప్పు కలపడం, పళ్ళెంలో ఒత్తి కాల్చడం, పైన కోకో పొడితో చాక్లెట్ పూత పూయడం, ముక్కలు కోయడం. "చాలా సులువమ్మా" అంది. నేను నమ్మాను.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్నే మొదలుపెట్టాను. ఓట్స్ వేయించడం దాకా ఎవరూ నా జోలికి రాలేదు. బెల్లం దగ్గర వచ్చి పడ్డారు.

"కరిగించి పొయ్యడమేంటే? పాకం పట్టవా?" అంది అమ్మ.

"కరిగిస్తే చాలంది నర్సమ్మగారు."

"ఆవిడకేం తెలుసు, సూదులు పొడుచుకునే మనిషి. పాకం లేని బెల్లం మన ఇంటావంటా లేదు."

అమ్మ గిన్నె లాక్కుని పాకం పట్టింది. అరిసెల పాకం చాలని అమ్మ. మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, ముక్త్యాల పిల్ల. వేరుశనగ ఉండల పాకం రానిదే ముక్క నిలవదని ఆమె. ఇద్దరూ నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్కలు వేసి, వేళ్ళతో నొక్కి, ఒకరి చుక్క ఒకరికి చూపించుకున్నారు. వాళ్ళు వాదించుకుంటున్నంతసేపూ గిన్నె పొయ్యి మీదే ఉంది. చివరికి వదిన ఇంకో చుక్క తీసి పళ్ళేనికేసి కొడితే ఖంగుమని మోగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పోసెయ్యి, పైన చాక్లెట్ పడితే ఏమీ తెలవదు" అంది వదిన.

కాల్చడానికి మా దగ్గర పొయ్యి తప్ప ఇంకేముంది? పెద్ద మూకుట్లో పాలేటి ఒడ్డు ఇసుక పోసి, మధ్యలో పళ్ళెం పెట్టి, పైన ఇనప మూత, మూత మీద నిప్పులు. అంతా నర్సమ్మగారు చెప్పినట్టే చేశాను. కాసేపటికి మంచి వాసన వచ్చింది. నాకు ఓపిక తక్కువ. కాలిందో లేదో చూద్దామని మూత ఒకవైపు ఎత్తి వంగాను. మూత మీది నిప్పు జారి పళ్ళెం అంచున మరుగుతున్న నేతిలో పడింది. భగ్గుమని మంట లేచింది.

నేను వెనక్కి దూకాను. కేకుకి ఏమీ కాలేదు. నా ఎడమ కనుబొమ్మ సగం పోయింది.

అమ్మ వచ్చి చూసి, అలాగే పీట మీద కూలబడింది. అత్తయ్య మాత్రం అద్దం తెచ్చి నా చేతికిచ్చి, "ఒక వైపు నుంచి చూస్తే బానే ఉన్నావు" అంది. మిగిలిన వైపు సంగతి వదిన చూసుకుంది. ఆముదంలో కాటుక రంగరించి, పోయిన సగం కనుబొమ్మ వేలితో గీసింది. ఆశ్చర్యంగా చూస్తున్నట్టు కొంచెం పైకి వచ్చింది. చెరిపి మళ్ళీ గీసే టైము లేదు.

ఇక ముక్కలు. పళ్ళెం చల్లారాక చాక్లెట్ పూత పూసి, గంగాళంలో చల్లటి నీళ్ళు పోసి అందులో తేల్చాం. చాకు దిగలేదు. కత్తిపీట జారింది. అన్నయ్య పచ్చడిబండ తెచ్చి ఒకటి వేస్తే పళ్ళెం సొట్టబోయింది గాని, ఎట్టకేలకు ముక్కలు లేచాయి. ఒకటి కొరికి చూశాను. రుచి మాత్రం, ఎందుకు అబద్ధం చెప్పాలి, అమోఘంగా ఉంది. నోట్లో ఉన్నది కరగడానికి చాలాసేపు పట్టింది.

"ఇవి వాళ్ళ ముందు పెడితే సంబంధం మాట అటుంచి, పళ్ళు రాలగొట్టారని కేసు పెడతారు" అంది అమ్మ. తనెప్పుడు చేసిందో, సున్నుండల డబ్బా బయటికి తీసింది.

"నా కేకు పెట్టకపోతే నేను బయటికి రాను" అన్నాను.

అలా రెండు పళ్ళేలూ వెళ్ళాయి.

నాలుగు దాటాక వాళ్ళు వచ్చారు, అబ్బాయీ వాళ్ళమ్మా. జగ్గయ్యపేట ఎండలో నడిచొచ్చిన మొహాలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. అబ్బాయి తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేను చాప మీద తల దించుకుని కూర్చున్నాను. సిగ్గుతో కాదు, చెమటకి కాటుక కారుతుందని భయం.

అమ్మ సున్నుండల పళ్ళెం ముందుకి జరిపి, "మా అమ్మాయే చేసింది" అంది. పెళ్ళిచూపుల్లో ఈ మాట అననివాళ్ళు లేరు, నమ్మినవాళ్ళూ లేరు. రెండో పళ్ళెం మీద వాళ్ళ చూపు పడేసరికి గొంతు తగ్గించి, "అవి మా కోడలు ఏదో సరదాకి చేసిందండి, తినకపోయినా పర్లేదు" అంది.

అబ్బాయి నల్ల ముక్క చూసి, "ఇదేంటండీ?" అన్నాడు.

"కేకులాంటిది బాబూ. గోధుమ లేదు" అంది అత్తయ్య.

అతను తీసుకుని కొరికాడు. టక్కుమని వినబడింది. అతను నములుతున్నాడు. ఉద్యోగం సంగతి నాన్న అడిగితే చెయ్యెత్తి ఆగమన్నాడు. వర్షాల గురించి అడిగినా చెయ్యే ఎత్తాడు.

చివరికి మింగి, "చాలా బావుందండీ" అన్నాడు. ఆ మొహం చూస్తే మర్యాదకన్న మాట కాదని తెలిసిపోయింది. కళ్ళు మెరుస్తున్నాయి. మొత్తం ముక్క తినేసి ఇంకొకటి తీసుకున్నాడు. "ఎలా చేశారండీ?" అని వదినని అడిగాడు.

"అదేనండి, పొయ్యి మీద పెట్టి, మళ్ళీ దించి..." అంది వదిన.

వాళ్ళమ్మ సంతోషంగా వదిన వైపు తిరిగింది. "మావాడు ఇంత ఇష్టంగా తినడం నేను చూళ్ళేదమ్మా. నీలాంటి పిల్ల దొరకాలి. మీ ఆడపడుచు నీ దగ్గర ఏమైనా నేర్చుకుందా?"

ఇక నా వల్ల కాలేదు. ఎవరి కోసం కనుబొమ్మ కాల్చుకున్నానో ఆ మనిషి నా ముందు కూర్చుని వదినని మెచ్చుకుంటుంటే, తల దించుకుని కూర్చోడానికి నేను దేవతని కాదు.

"అవి నేనే చేశా. సున్నుండలు మా అమ్మ చేసింది" అన్నాను.

అమ్మ వెనక నుంచి నా జబ్బ మీద గిల్లింది. వాళ్ళమ్మ నవ్వి, "అన్ని ఇళ్ళలో అమ్మాయే చేసిందంటారులేమ్మా" అంది.

అబ్బాయి కూడా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. పక్కనున్న గ్లాసులో పమిట కొంగు ముంచి, ఎడమ కనుబొమ్మ బరబరా తుడిచేశాను. కాటుక బుగ్గ దాకా పాకింది. తలెత్తి సగం కనుబొమ్మతో ఇద్దరి వంకా చూశాను.

"మూత మీది నిప్పు నేతిలో పడింది. చేసింది నేను కాకపోతే ఇది వదినకి కాలి ఉండాలి" అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. నాన్న నేల చూపులు చూస్తున్నాడు. సంబంధం పోయిందని నాకూ తెలిసిపోయింది. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని, మొహం వెలుతురుకి తిప్పి చూసింది. తర్వాత కొడుకు వైపు చూసి, "నీకేమైందిరా?" అంది.

అందరం అటు చూశాం. అతని తెల్ల చొక్కా జేబు చుట్టూ, గుండె మీద, ఇంత వెడల్పున నల్లటి మరక. అది కిందికి కారుతోంది.

"రెండో ముక్కమ్మా" అన్నాడు. "ఇక్కడ నమిలితే పొద్దుపోద్దని, బస్సులో తిందామని జేబులో వేసుకున్నా." తన చొక్కా చూసుకున్నాడు, నా మొహం చూశాడు. నిచ్చెన రోజు నవ్విన నవ్వు నవ్వాడు. నేను కూడా నవ్వేశాను, బుగ్గ మీద కాటుకతోనే.

వాళ్ళమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అన్నయ్యగారూ" అంది మా నాన్నతో, "ఆ కనుబొమ్మ మొలవనీయండి, ఈ మరక పోనీయండి, ముహూర్తం పెట్టుకుందాం."

కనుబొమ్మ మొలిచింది. మరక పోలేదు. నిమ్మకాయ, కుంకుడు రసం, చాకలి సోడా, ఏదీ పనిచెయ్యలేదట. మా నాన్న మాట పట్టింపు మనిషి. ఆవిడ రెండూ అన్నారు కదా, మరక పోకుండా ముహూర్తం ఎలా అడుగుతామని కూర్చున్నాడు. నేను అన్నం మానేసే దాకా వచ్చాను.

అప్పుడు నందిగామ నుంచి అత్తయ్య ఒక కబురు మోసుకొచ్చింది. అబ్బాయి చెప్పి పంపాడట, ఆ చొక్కా అసలు తనది కాదని, అరువు చొక్కా మీది మరక కోసం తన ముహూర్తం ఆగక్కర్లేదని.