బాబాయి కూర్చున్న కార్డు

మా బాబాయి దర్జీ. ఆయన కోటు లోపలంతా జేబులే. కూరలకు ఒకటి, బస్సుకు ఒకటి, మందులకు ఒకటి. గుండె మీద, బొత్తాం పెట్టి, కొట్టు అద్దెకు ఒకటి. ఒక జేబులోని డబ్బు ఇంకో జేబులోకి పోకూడదు. బస్సు జేబు ఖాళీ అయితే, కూరల జేబు ఎంత ఉబ్బి ఉన్నా సరే, నడిచే ఇంటికొస్తాడు.

ఒకప్పుడు ఈయన దగ్గర బ్యాంకు కార్డు ఉండేది. గీకుతుంటే డబ్బు పోతున్నట్టే ఉండేది కాదట. నున్నటి బట్టతల పెట్టుకుని హెయిర్ డ్రయ్యర్ కొన్నాడంటే చూసుకోండి. ఆ రోజే పిన్ని కార్డు లాక్కుని, ఆయన స్టూలు మీది దిండులో పెట్టి కుట్టేసింది.

"ఇంక దాని మీదే కూర్చుని సంపాదించండి" అంది.

నిన్న అద్దె కట్టాల్సిన రోజు. కొట్టు యజమాని ముందే చెప్పాడు, ఈసారి ఆలస్యమైతే తాళం వేస్తానని. తీరా చూస్తే కోటు లేదు! కొక్కేనికి లెక్కల మాస్టారి కొత్త కోటు వేలాడుతోంది. ఆయన గుడ్డలో మిగిలిన ముక్కతోనే బాబాయి తనకూ కుట్టుకున్నాడు. పొద్దున హడావుడిలో మాస్టారికి తనదే మడతపెట్టి ఇచ్చేశాడు.

"నోట్లు చేతికి గరగరలాడితే గంజి అనుకున్నానురా!" బాబాయి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "మాస్టారు ఫోన్ ఎత్తాడా?" అని నన్నడిగాడు.

"లేదు బాబాయ్. నీ కోటేసుకుని షికారు కొడుతున్నాడేమో."

"నోర్ముయ్!"

బ్యాంకుకు సెలవు. కుట్టుమిషను దగ్గర కూర్చున్నాడు, లేచాడు. వీధిలోకి వెళ్లాడు, వచ్చాడు. దిండు వంక చూశాడు. చివరికి కత్తెర తీసి దిండు పొట్ట చీల్చేశాడు. దూదిలోంచి ఊడిపడింది కాలరులో పెట్టే అట్టముక్క!

టీ పట్టుకుని అప్పుడే వచ్చిన పిన్ని గుమ్మంలో ఆగిపోయింది.

"కార్డును మర్నాడే తీసి ముక్కలు చేసి, అట్ట పెట్టేశానండీ. మీరు వారంలోపే దిండు కోస్తారనుకున్నా. ఇన్నేళ్లు ఆగారే!"

"అంటే ఇన్నేళ్లూ నేను అట్టముక్క మీద కూర్చుని నన్ను నేను ఆపుకున్నానా?"

ఇంతలో మాస్టారు రొప్పుతూ వచ్చారు, చేతిలో కోటు. "ఏమయ్యా, జేబు గుండె మీద పెట్టమంటే కడుపు మీద పెట్టావేంటి? అందులో డబ్బొకటి!"

మాస్టారు పొట్టి కావడంతో బాబాయి గుండె జేబు ఆయనకు కడుపు మీదికి దిగింది; అదే బతికించింది. వెనకే వచ్చిన యజమానికి అద్దె ముట్టింది.

అందరూ వెళ్లాక బాబాయి అట్టముక్కను మళ్లీ దిండులో పెట్టి కుట్టసాగాడు.

"ఇంకా ఎందుకు బాబాయ్?"

"కింద ఏదో ఒకటి ఉందనుకోకపోతే నా చెయ్యి ఊరుకోదురా."

కూర్చున్నాడు. మాటిమాటికీ గుండె జేబు తడుముకుంటూ, అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు.