బెన్సన్ దాచిన సంగతి

వన్ టౌన్‌లో బెన్సన్ షెడ్డుకి బోర్డు లేదు. పాత కార్లున్నవాళ్లకి దారి తెలుసు. నలభై ఏళ్లుగా అతను కార్బొరేటర్లే చూస్తున్నాడు. మీటర్లేవీ పెట్టడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని, తల వంచి, ఇంజిన్ చప్పుడు విని సరిచేస్తాడు. కానీ రెండేళ్లుగా ఆ చప్పుడే అతనికి సరిగ్గా వినబడటం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, షెడ్డు వెనక ఇంట్లోనే ఉండే భార్య జయమణికి కూడా.

మొన్న ఆగస్టులో ఉక్కునగరం నుంచి గంగాధరరావు తన ప్రీమియర్ పద్మిని కారు తెచ్చాడు. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన మనిషి.

"ద్వారకా నగర్ సిగ్నల్ దగ్గర నిన్న మూడుసార్లు ఆగిపోయిందండీ. వెనకున్న ఆటోవాళ్లు హారన్లతో చంపేశారు."

"మీరేటీ బెంగ పెట్టుకోకండి సార్," అన్నాడు బెన్సన్.

ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చాడు. ఇంజిన్ స్పీడు పెంచే ఐడిలింగ్ స్క్రూ కాస్త బిగించి బండి ఆగకుండా నిలబెట్టాడు. తర్వాత, పెట్రోలూ గాలీ కలిసే పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ పట్టుకున్నాడు. దాన్ని మెల్లగా బిగిస్తూ పోతే ఒకచోట ఇంజిన్ తడబడుతుంది. అక్కణ్ణుంచి వదులు చేస్తూ వస్తే చప్పుడు సాఫీగా అయ్యే చోటొకటి దొరుకుతుంది. ఆ రోజు ఆ చోటు దొరకలేదు. తిప్పాడు, విన్నాడు, మళ్లీ తిప్పాడు. చెవుల్లో ఒకటే హోరు. చివరికి "అయిపోనాది సార్" అనేశాడు. గంగాధరరావు గేరు వెయ్యకముందే బండి ఆగిపోయింది.

బెన్సన్ తల ఎత్తలేదు. అప్పుడే టీ గ్లాసులతో వచ్చిన జయమణి వాటిని బెంచీ మీద పెట్టింది.

"మళ్లీ స్టార్ట్ సెయ్యండి సార్. ఏవండీ, మీరు తిప్పండి, నాను సెప్తాను."

"నువ్వేటి సెప్తావ్?"

"తిప్పండి ముందు."

అతను తిప్పాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. "ఇంకా... ఇంకొంచెం... అయ్యో, ఎక్కువైపోనాది. ఎనక్కి. ఆఁ, అక్కడాపండి. ఇప్పుడు స్పీడు తగ్గించి మిక్చర్ మళ్లీ సూడండి."

గోడవతల వంట చేసుకుంటూ ఇన్నేళ్లూ ఆమె రోజూ విన్న చప్పుడే అది. బెన్సన్ ఆమె చెప్పినట్టే చేసి, మడ్‌గార్డ్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. బండి కుదురుగా ఉంది.

"నీకెప్పుడు తెలిసినాది?" అని అడిగాడు మెల్లగా.

"నిరుడు క్రిస్మస్‌కి. అందరూ పాట ఆపేసినాక మీరొక్కరే ఇంకో లైను పాడేసినారు. చర్చి అంతా తిరిగి సూసింది."

"మరి అడగలేదేటి?"

"మీరే సెప్తారని సూసినాను."

బెన్సన్‌కి సిగ్గేసింది. వెంటనే నవ్వూ వచ్చింది. రెండేళ్లుగా గుండెల మీదున్న బరువేదో దిగిపోయినట్టయింది. గంగాధరరావు ఇద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డు దాకా తిప్పుకొచ్చాడు. దారిలో నాలుగు సిగ్నళ్లు పడ్డాయి. ఎక్కడా బండి ఆగలేదు. ప్రతిచోటా బెన్సన్ జయమణి ముఖం చూశాడు, ఆమె తల ఊపింది.

మరుసటి నెల ఆమే దగ్గరుండి చెవి డాక్టరుకి చూపించింది. ఇప్పుడతనికి చెవి మెషిన్ ఉంది, ఇంజిన్ బాగానే వినబడుతోంది. అయినా స్క్రూ ఆఖరి పావు చుట్టు దగ్గరకొచ్చేసరికి "జయా!" అని కేకేస్తాడు. ఆమె స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వస్తుంది.