బాపురావు కడిగిన ఇంజను

పొలం కౌలుకిచ్చాక మెట్‌పల్లి బాపురావుకు మిగిలిన పని ఒక్కటే, కారు విప్పడం, మళ్లీ బిగించడం. డెబ్బై రెండులో అంబాసిడర్ కొన్నాడు. మెకానిక్ మొహం చూసిన పాపాన పోలేదు. రేడియేటర్ కారితే వంటింట్లోంచి పసుపు తెచ్చి పోసేవాడు, పెట్రోల్ ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు మెత్తేవాడు. భార్య లీలాబాయి స్టీరింగు ముందు కూర్చుని, ఆయన చెప్పినప్పుడల్లా సెల్ఫ్ కొట్టేది. పసుపు డబ్బా ఖాళీ అయినప్పుడు మాత్రం నాలుగు మాటలు అనేది. అవి ఆయన చెవికెక్కేవి కావు, అప్పటికే తల బానెట్ కింద ఉండేది.

ఎంత మొరాయించినా ఆ కారు దసరాకు మాత్రం ఆసిఫాబాద్ చేర్చేది. అక్కడ లీలాబాయి తల్లి ఉంది. పండుగ సాయంత్రం తల్లి చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కనిదే లీలాబాయికి దసరా అయినట్టు కాదు.

తొంభై ఎనిమిదిలో అంబాసిడర్ ఇక నా వల్ల కాదని మూలకు కూర్చుంటే, కొత్త కారు కొన్నారు. ఇంజను మీద నీళ్లు పోయొద్దని షోరూం వాళ్లు చెప్పనే చెప్పారు. బాపురావు విన్నట్టే తలూపాడు. కానీ దసరా పొద్దున బండికి పూజ చేయాలి, మురికి ఇంజనుకు బొట్టు పెడతారా ఎవరైనా? ఎప్పటిలాగే రెండు బకెట్లు కుమ్మరించి, పసుపు కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టాడు.

కారు కదల్లేదు. పాత బండైతే మూత తీసి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది. ఇక్కడ ఎక్కడ చూసినా నల్లటి ప్లాస్టిక్, నడుమ అతుకు కనపడని ఒక డబ్బా. దాని మరలకు ఆయన దగ్గరున్న ఏ పానా పట్టలేదు. కరీంనగర్ షోరూంకు ఫోన్ చేస్తే, పండుగ కదా, రెండు రోజులకు మనిషిని పంపుతాం, అంతదాకా మీరు చెయ్యి పెట్టొద్దన్నారు. ఆ మాట బాపురావుకు గట్టిగానే తగిలింది. ఆ ఏడు అత్తగారికి ఒంట్లో బాగాలేదు, బిడ్డను తప్పకుండా రమ్మని కబురు పెట్టింది. తన మొండితనం వల్ల తల్లీబిడ్డలు కలవకుండా పోతారేమోనని ఆయన భయపడ్డాడు.

లీలాబాయి దెప్పిపొడవలేదు. సంచి భుజానికి తగిలించుకుని వచ్చింది. "మంచిర్యాల మీదికెళ్లి బస్సులున్నయి. నడువుండ్రి, పొద్దుగూకేవరకు చేరుతం."

పండుగ రద్దీలో ఆమెకు ముందు సీటు దొరికింది, ఆయన వెనక నిలబడ్డాడు. బస్సులు మారి ఆసిఫాబాద్‌లో దిగేసరికి ఊరంతా జమ్మి పంచుకుంటోంది. మంచంలో ఉన్న తల్లి చేతిలో లీలాబాయి ఆకు పెట్టింది. ఆ తల్లి బిడ్డ తల మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు. బాపురావు తలవంచుకుని కారు సంగతి చెప్పాడు.

ముసలామె నవ్వింది. "బండిని చూసి ఇచ్చిన్నా అల్లుడా నా బిడ్డను? పెండ్లయిననాడు మీరు దాన్ని బస్సులనే తోల్కపోయిండ్రు. దాని పక్కనే కూసోని."

ఆ సంగతే మరిచిపోయాడు బాపురావు. కారు వచ్చినప్పటి నుంచి ఆయన ఉంటే స్టీరింగు ముందు, లేకపోతే బండి కింద. పనేమీ పెట్టుకోకుండా భార్య పక్కన కూర్చున్నదే లేదు. అయినా ఇన్నేళ్లూ తన వెంట ఉన్నందుకు, ఇవాళ తనను వేలెత్తి చూపనందుకు ఆమె మీద ఆయనకు కొండంత కృతజ్ఞత కలిగింది.

తెల్లవారి తిరుగు బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను పక్కన కూర్చున్నాడు. గోదావరి దాటుతుంటే లీలాబాయి, రేపటికల్లా కారు బాగుచేసి ఇస్తారట కదా అని అడిగింది.

"నిమ్మళంగ చెయ్యనీ" అన్నాడు బాపురావు. "మనకేం తొందరున్నది?"