రెండు వాల్‌ట్యూబులు

నా చిన్నప్పుడు, అంటే యాభై ఏళ్ల కిందట, ఒక రెండేళ్లు లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగింది. ఇప్పటి పిల్లలకు చెబితే కట్టుకథ అనుకుంటారు. అప్పుడు మేము సూరత్‌లో, బమ్రోలిలో ఉండేవాళ్లం. తెలంగాణ నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే మా గల్లీ నిండా. నాకు పదేళ్లు. బడి ఫోన్‌లోకి వచ్చేసింది. నాన్న పనిచేసే కార్ఖానా తాళం ఇంకా తియ్యలేదు. ఇంట్లోంచి పనికి వెళ్లే మనిషి ఒక్కతే, మా మేనత్త.

అత్త అచ్చు అతికేది. సాంచె మీద పడుగు నూలు చుట్టిన పాత బీము అయిపోయి కొత్త బీము ఎక్కించినప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద రాసుకుని అత్త ఆ పనికి కూర్చుంటే ఆమె చేతులు కనబడేవి కావు, కలిసిన పోగులే కనబడేవి. ఆమె పనిచేసే కార్ఖానా సలాబత్‌పురాలో. అంతకుముందు షేర్ ఆటోలో వెళ్లేది. ఆటోలు ఆగిపోయి, మళ్లీ మొదలైనా, ఒకరి మీద ఒకరు కూర్చుని నేను రానని తెగేసి చెప్పింది. పక్కింటి అక్క కాలేజీకి తొక్కిన సైకిలు అడిగి తెచ్చుకుంది. నలభై దాటిన మనిషి, మూడు రోజులు గల్లీలో పడింది, నాలుగో రోజు నిలబడింది. గడపల్లో కూర్చున్న మగవాళ్లు పడీ పడీ నవ్వారు.

"నవ్వుండ్రి, జర గట్టిగ నవ్వుండ్రి. రేపు మీ ఇండ్లళ్ల ఆడోళ్లకు గూడ నేనే నేర్పుత," అంది అత్త. నేర్పింది కూడా.

ఎండాకాలం నెత్తిన తడి తువ్వాలు, చలికాలం నాన్న స్వెటరు. వానాకాలానికి బట్ట తానులకు చుట్టే ప్లాస్టిక్ కవరును తనే కత్తిరించి కుట్టుకుంది. అది వేసుకుంటే అత్త అచ్చంగా అమ్మకానికి పెట్టిన తానులాగే ఉండేది. ఆ మాట అంటే నాకు ఒక మొట్టికాయ పడింది.

ఆ వానాకాలమే మా గల్లీ చివరింటి పెద్దాయనను అంబులెన్సు తీసుకుపోయింది. తిరిగి తీసుకురాలేదు. అదే వారం ఖాడీ, అంటే ఊళ్లో పారే వాగు, పొంగింది. రైలు పట్టాల కింద దారి ఉండేది, గర్నాలా అనేవాళ్లం. అందులో ఆటోలే మునిగాయని నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను. అత్త రోజూ వెళ్లేది ఆ దారినే. నేను పుట్టినప్పటి నుంచి అత్త పక్కలో పడుకున్నదాన్ని. అత్త రాకపోతే ఎలా అన్న భయం నన్ను పట్టుకుని వదల్లేదు. మర్నాడు అందరికంటే ముందు లేచి, సైకిలు రెండు చక్రాల వాల్‌ట్యూబులూ పీకి నా కంపాస్ డబ్బాలో దాచాను. గాలి బుస్సుమని పోతుంటే గొప్ప పని చేశాననుకున్నాను.

అత్త చక్రాలు నొక్కి చూసింది. రెండు వాల్‌ట్యూబులూ లేవని తెలిసి నా వైపు ఒకసారి చూసింది. పొద్దున్నే రిపేరు దుకాణాలేవీ తెరవరు. దారిలో ఎక్కడైనా తెరిస్తే వేయించుకుందామని సైకిలు నడిపించుకుంటూ ఆ వానలోనే బయలుదేరింది. వెళ్లదనుకున్న నా లెక్క తప్పింది. సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు కూడా సైకిలును తోసుకుంటూనే వచ్చింది. దారి పొడుగునా దుకాణాలు మూసే ఉన్నాయట.

అన్నం తిన్నాక, "బిడ్డా, నీ కంపాస్ డబ్బ ఇటు తే, పెన్సిల్ గావాలె," అంది. నాన్న అక్కడే ఉన్నాడు. డబ్బా తెచ్చి ఇచ్చాను. అత్త డబ్బా తెరిచింది, రెండు వాల్‌ట్యూబుల పక్కనున్న పెన్సిల్ తీసుకుంది, మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చింది.

"రేపు నువ్వు గూడ నాతోని రా. నడిసి పోదమా, సైకిల్ మీద పోదమా, నువ్వే చెప్పు."

తెల్లారేసరికి వాల్‌ట్యూబులు వాటి చోట ఉన్నాయి. గాలి కూడా నేనే కొట్టాను.

కార్ఖానాలో ఒక సాంచె ఆగి ఉంది. దాని ముందు ఒడిశా భాయ్ ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఆ సాంచె నడిపేది ఆయనే, అది ఆగితే ఆయన కూలీ ఆగినట్టే. అచ్చు సగమే అతికి ఉంది. సగంలో ఉన్న అచ్చు మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని ఆ పనివాళ్ల పద్ధతి. మెలి చేతికొక తీరు. ఒకే అచ్చులో రెండు తీర్లు పడితే పోగులు జారతాయట. అందుకే ఆయన నిన్న పొద్దున్నుంచి అత్త కోసం ఎదురుచూశాడు. ఆలస్యంగా చేరిన అత్త సాయంత్రం దాకా చేసినా పని పూర్తికాలేదు. ఊరికి రైళ్లు నడిచినప్పుడు కూడా వెళ్లకుండా ఆగిపోయిన మనిషి ఆయన. నన్ను చూసి నవ్వి తన డబ్బాలోంచి అటుకులు పెట్టాడు. అవి గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. ఆయన్ను కూర్చోబెట్టింది నేనేనని ఆయనకు తెలియదు, నాకు తెలుసు.

మధ్యాహ్నానికి ఒకే ఒక్క పోగు మిగిలింది. అత్త నా వేళ్లకు బూడిద రాసి, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి మెలి తిప్పించింది. పద్ధతి తప్పకుండా, నా తప్పు నాతోనే దిద్దించింది. భాయ్ సాంచె మెల్లగా ఆడించాడు. ముళ్లన్నీ పోగులు దూరే దువ్వెనలాంటి పన్నెను దాటుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను.

"తెగలే," అంది అత్త.

ఇంటికి వచ్చేటప్పుడు క్యారియర్ మీద కూర్చుని ఏడ్చేశాను. నువ్వు చచ్చిపోతావని భయమేసిందని ఆమె వీపుకే చెప్పాను. గర్నాలా దగ్గర అత్త సైకిలు ఆపి నన్ను దింపింది.

"నాకు భయం లేదనుకున్నవా? రోజు ఈడ దిగి చూస్త. నీళ్లు చైను కాడికొచ్చినయంటే ఎనుకకు మర్లి బ్రిడ్జి మీదికెళ్లి పోత. భయపడు బిడ్డా, తప్పులేదు. గని నోటితోని చెప్పి భయపడు. గిట్ల గాలి దీసి కాదు."

ఆ రోజు నీళ్లు చైను దాకా ఉన్నాయి. వెనక్కి తిరిగి బ్రిడ్జి మీదుగా ఇల్లు చేరాం. దూరం చాలా ఎక్కువైంది, కానీ నా గుండె అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఈ సంగతి అత్త చివరిదాకా నాన్నకు చెప్పలేదు.

పెద్దయ్యాక నేను పిల్లల బడిలో పనిచేశాను. బడి తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఎండైనా వానైనా సైకిలు మీదే వెళ్లాను, దారి మునిగితే చుట్టూ తిరిగి వెళ్లాను. భయమేసిన రోజున భయమేస్తోందని ఇంట్లో చెప్పే గడప దాటాను. ఇప్పుడు రిటైరయ్యాను, వెళ్లాల్సిన పనేమీ లేదు. అయినా పొద్దున్నే సైకిలు దగ్గరికి వెళ్లి రెండు చక్రాలూ బొటనవేలితో నొక్కి చూస్తాను. అవతల ఎవరో ఆగిన సాంచె ముందు నా కోసమే కూర్చుని ఉన్నారనిపిస్తుంది.