చిన్‌లింగ్‌కు ఉత్తరాన

ఇప్పుడు పిల్లలు ఏ నది గురించి అడిగినా పుస్తకం తెరిచి చూశాకే చెబుతాను. వాళ్లు దాన్ని జాగ్రత్త అనుకుంటారు.

ఆ రోజు పాల్వంచలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి భద్రాచలంలో పోటీ పరీక్ష రాయడానికి వెళుతోంది. జాగ్రఫీ సారునని నేనే చెప్పుకున్నాను.

"ఒక్కసారి చూడుండ్రి సార్, గిట్ల కరెక్టేనా?" అంటూ పెన్సిల్‌తో గీసుకున్న పటం చూపించింది. చైనాలోని చిన్‌లింగ్ పర్వతాలు, వాటికి ఉత్తరాన వెయ్ నది, దక్షిణాన హాన్ నది.

"ఉల్టా రాసినవమ్మా. హాన్ పైకి రావాలె, వెయ్ కిందికి," అన్నాను. ఆమె రెండు పేర్లూ రబ్బరుతో చెరిపి, నేను చెప్పినట్టే రాసుకుంది.

సారపాక దాటి బస్సు గోదావరి వంతెన ఎక్కినప్పుడు గుర్తొచ్చింది. ఉత్తరాన పారి హొయాంగ్‌హోలో కలిసేది వెయ్ నదే. ఆమె ముందు రాసిందే ఒప్పు. చెబుదామని ఆమె వైపు తిరిగాను. అప్పటికే ముందు సీటువాళ్లు కూడా నన్ను సార్ అని పిలుస్తున్నారు. వంతెన పొడుగునా కిటికీలోంచి నీళ్లు చూస్తూ కూర్చున్నాను.

బస్టాండులో దిగేముందు ఆమె చేతులు జోడించింది.

"మీరు కలిసిండ్రు గనక మంచిగైంది సార్. లేకుంటే తప్పే రాస్తుంటి."