సున్నాలన్నీ వైరస్‌లే

పామర్రు బస్టాండు దగ్గర ఒక డీటీపీ షాపులో ఆరేళ్లు పనిచేశాను. పెళ్లి శుభలేఖలు, చనిపోయినవాళ్ల కోసం జరిపే ఆదరణ కూడికల కార్డులు, ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు టైపు చేయడం నా పని. ఇంటర్ రెండోసారి కూడా తప్పాక కాలేజీ మానేశాను కానీ చదవడం మానలేదు. కంప్యూటరు గురించి నాకు తెలిసినదంతా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడ పాత కంప్యూటరు పత్రికలు, అట్టలు ఊడిన రెండు మూడు పుస్తకాలు ఉండేవి. అర్థం కాని మాటను నోటుబుక్కులో రాసుకుని, అది మరో పుస్తకంలో ఎదురుపడేదాకా వెతికేదాన్ని. డిగ్రీ చదివినవాళ్లకు తెలియనిది నాకు తెలిసిన రోజున నా నడకే మారిపోయేదని షాపు యజమాని వెక్కిరించేవాడు.

"వచ్చిందండీ లైబ్రరీ డాక్టరమ్మ. అందరూ చొక్కా చేతులు పైకి మడుచుకోండి, సూదేస్తది," అనేవాడు.

ఆ రోజుల్లో పెన్‌డ్రైవంటే వైరస్‌ల సంచి. ఒకరిది పెడితే మన కంప్యూటరు పోయేది, మన దగ్గర నుంచి ఇంకొకరికి పోయేది. అందుకని మా షాపులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెన్‌డ్రైవు ఇచ్చినా ముందు శుభ్రం చేయాలి. ఆ తర్వాతే తెరవాలి, ఆ తర్వాతే మన దాంట్లోకి కాపీ తీసుకోవాలి. షాపులో మూడు కంప్యూటర్లు ఉండేవి. మూడింటిలో మూడు రకాల యాంటీవైరస్‌లు వేసి, ఏది బాగా పడుతుందో తేల్చాలని నాకు పంతం పుట్టింది. వచ్చిన ప్రతి పెన్‌డ్రైవునూ మూడింటిలోనూ పెట్టి చూసి, ఏది ఎన్ని పట్టిందో నోటుబుక్కులో రాసేదాన్ని. మొదటిది బద్ధకస్తురాలు, దాని గడిలో ఎప్పుడూ సున్నాలే. రెండోది ఒకటో రెండో పట్టేది. మూడోది మాత్రం గంపలకొద్దీ పట్టేది. ఎక్కువమందిని పట్టుకున్న పోలీసే గొప్ప పోలీసు అనుకునే వయసు నాది. మూడోదాన్ని నమ్మాను.

మాస్టారు వచ్చింది ఒక వేసవి ఉదయం. కూచిపూడి దారిలో ఒక ఊళ్లో మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెల్లచొక్కా, చంకలో గొడుగు. లోపలికి వస్తూనే, "వందనాలమ్మా," అన్నారు, నేనెవరో తెలియకపోయినా. చొక్కా జేబులో మూత పెట్టిన మాత్రల సీసా ఒకటి ఉంది. అందులోంచి పెన్‌డ్రైవు తీశారు.

"పుస్తకం వెయ్యాలమ్మా. వరి పనుల మాటలు. మా చిన్నప్పుడు చేలల్లో అన్నవీ, ఇప్పుడెవరూ అననివీ. మూడేళ్లు కూర్చుని నేనే టైపు చేశా."

"ఒకే ఫైలాండీ?"

"మాటకొక ఫైలు. ఒక మడికి తెగులొస్తే చేనంతా పోకూడదుగా!" అని నవ్వారు. ఆ వెంటనే గొంతు తగ్గించారు. "ఇంట్లో కంప్యూటరు పోయింది. కాయితాలు చెదలు తినేసినయ్. ఇంకెక్కడా లేదమ్మా, ఇదే. నా కళ్లు కూడా అయిపోతన్నయ్, డాక్టరు ఇంకో ఏడాది అన్నాడు. మళ్లీ కొట్టలేను. జాగ్రత్త."

జాగ్రత్త అన్న మాట నాకు సరిగ్గా వినబడింది. అందుకే అంత జాగ్రత్త చేశాను.

మొదటి కంప్యూటరు సున్నా అంది. రెండోది ఒకటి అంది. మూడోది ముప్పై రెండు అంది. ఎర్రటి వరసలు తెర కిందిదాకా జారుకుంటూ వచ్చాయి. ఆ పేర్లు చూస్తే మనుషులు పెట్టినవి కావనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు, మధ్యమధ్యలో చుక్కలు. పేరు మధ్యలో చుక్క ఉంటే అది వేషం మార్చిన ఫైలు కావచ్చని నేను లైబ్రరీలో చదివాను. చదివింది కళ్లముందు నిజమవుతుంటే ఎంత సంతోషంగా ఉంటుందో చదువుకున్నవాళ్లకే తెలుస్తుంది. 'అన్నీ తొలగించు' నొక్కాను. అంతటితో ఆగలేదు. మిగిలిన మంచి ఫైళ్లను పక్కకు తీసి, పెన్‌డ్రైవును ఫార్మాట్ చేసి, వాటిని తిరిగి ఎక్కించాను.

"ముప్పై రెండు వైరస్‌లండీ మాస్టారూ!" అన్నాను.

"అమ్మో! అన్నే! చూశావా, నా కంటికి ఒక్కటి కూడా ఆనలా," అన్నారాయన. యజమానితో, "మంచి పిల్లనే పెట్టుకున్నావయ్యా," అన్నారు. ఆ మాటకు నేను ఆ రోజంతా పొంగిపోయాను.

పేజీలు అమర్చి వారం తర్వాత ప్రూఫు తీశాను. ఆయనకు చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి నేను చదివేలా, ఆయన వినేలా అనుకున్నాం. స్టూలు మీద గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నారుమడి, బోదె, తూము, లాకు, గట్టు, ఊడ్పు, పన, కుప్ప. ఒక్కో మాటకు తల ఊపుతున్నారు. కాసేపటికి ఊపడం ఆగింది.

"గండి దాటేశావమ్మా."

"గండి లేదండీ."

"లేకపోవడమేంటి? కాలవ గట్టు తెగితే గండి. అయిదు పేజీలు రాశా. సర్లే, ముంపు చదువు."

ముంపు లేదు. ఒండ్రు లేదు. లంక, గుంటక, పంగలకర్ర, ఏవీ లేవు. ఆయన ఒక్కో మాట అడుగుతున్నారు, నేను వెతుకుతున్నాను.

"ధాన్యం?"

"లేదండీ."

"అన్నం కూడా లేదా?" అన్నారాయన. "వరి గురించి పుస్తకమమ్మా ఇది."

యజమాని గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి, "మీరు ఇచ్చినప్పుడే లేవేమోనండీ," అన్నాడు. నన్ను కాపాడాలని అన్నాడు. మాస్టారు అడిగిన మాటలన్నీ నా చెవుల్లో వరసగా నిలబడ్డాయి. గండి, ముంపు, ఒండ్రు, లంక, ధాన్యం, అన్నం. అన్ని మాటల్లోనూ ఉన్న సున్నా అప్పుడు వినబడింది.

మేం వాడే పాత తెలుగు ఫాంటులో సున్నా కావాలంటే ఫుల్‌స్టాపు మీట నొక్కాలి. ఫాంటు ఉన్న చోట అది సున్నాలా కనబడుతుంది. ఫైలు పేరు రాసే గడిలో ఫాంటు పనిచేయదు, అక్కడ మీట మీది గుర్తే పడుతుంది. అందుకే మా షాపుల్లో ఎవరం ఫైలుకు తెలుగు పేరు పెట్టం. పెళ్లి ఒకటి, పెళ్లి రెండు అని ఇంగ్లీషులో కొట్టేస్తాం. మాస్టారు పెట్టారు. అడిగితే, "తెలుగు మాటకి ఇంగ్లీషు పేరేంటమ్మా?" అన్నారు. అన్ని పేర్లూ పిచ్చిగీతల్లాగే పడ్డాయి, కానీ సున్నా ఉన్న మాటలకే మధ్యలో చుక్క పడింది. మూడో యాంటీవైరస్‌కు ఆ చుక్క చూస్తే అనుమానం. అది సున్నాలను ఏరి ఏరి చూపించింది, నేను చంపాను. రోజంతా ఆ మీటలే నొక్కే మనిషిని, ఆ పేరొకటి ఫాంటులోకి మార్చి చూసుకుంటే సరిపోయేది.

ఉన్న విషయం ఆయనకు చెప్పాను.

"అంటే వైరస్సు లేదా అసలు?"

"ఒకటి ఉందండీ. రెండో కంప్యూటరు చెప్పింది నిజం."

"ముప్పై ఒకటి నావా?"

"మీవేనండీ."

ఆయన గొడుగు తీసుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "నేను పొగిడాను కూడా," అన్నారు. కోపంతో కాదు. తన తప్పేదో అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు ఉంటాయని చదివి, దొరికినవన్నీ తెచ్చి నడిపాను. ఒక్కటీ రాలేదు. చెరిపేసిన చోట వేరే ఫైళ్లు ఎక్కకపోతేనే తిరిగి వచ్చే వీలుంటుంది. ఫార్మాట్ చేసి మంచి ఫైళ్లను తిరిగి ఎక్కించింది నేనే. అవి పోయినవాటి చోటులోనే కూర్చున్నాయి. బోదె, తూము, లాకు తెరిచినప్పుడల్లా వాటి కింద ఏ మాట అణిగి ఉందోనని చూస్తూ ఉండిపోయేదాన్ని.

తర్వాత లైబ్రరీలో మళ్లీ ఆ పుస్తకమే తీశాను. నేను చదివి ఆపేసిన అధ్యాయం తర్వాతిదే తప్పుడు హెచ్చరికల గురించి. ఒక యాంటీవైరస్‌ను పరీక్షించాలంటే దాని ముందు చెడ్డ ఫైళ్లను పెడితే చాలదనీ, మంచివని ముందే తెలిసిన ఫైళ్లను కూడా పెట్టి, వాటి జోలికి పోతుందేమో చూడాలనీ అక్కడ రాసి ఉంది. నా నోటుబుక్కులో ఎన్ని పట్టిందన్న గడి ఉంది. ఎన్నింటిని అన్యాయంగా పట్టిందన్న గడి లేదు.

ఆ మూడో ప్రోగ్రాము తను తీసేసినవాటి జాబితా ఒకచోట దాచుకుంటుంది. దాన్ని అచ్చు తీశాను. పిచ్చిగీతల్లా ఉన్న ఆ పేర్లను ఒక్కొక్కటే ఫాంటులో కొట్టి చూస్తే తెలుగు మాటలు లేచి వచ్చాయి. గండి వచ్చింది, ఒండ్రు వచ్చింది. పేర్లే వచ్చాయి, లోపల రాసింది రాలేదు. కార్డుల మీద పోయినవాళ్ల పేర్లు నేను చాలా టైపు చేశాను కానీ, ఆ కాగితం పట్టుకున్నంత బరువు ఎప్పుడూ తెలియలేదు.

దాన్ని తీసుకుని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, "ఎవరూ?" అన్నారు. చూపు అప్పటికే తగ్గిపోయింది. గొంతు విని, "రా అమ్మా, కూర్చో," అన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. నేను మాట చదివితే ఆయన చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని. గండికి అయిదు పేజీలు రాశానన్నారు, ఒకటిన్నర వచ్చింది. కొన్నిసార్లు మధ్యలో ఆగి, "ఇక్కడ ఇంకేదో రాశానమ్మా, మంచి ముక్క," అని గోడవైపు చూసేవారు. నేను కలం పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ మంచి ముక్క వచ్చేది కాదు.

ముప్పై మాటలు అయ్యాయి. ముప్పై ఒకటోది మిగిలింది. జాబితాలో దాని చివరి అక్షరం చోట ఒక ఖాళీ డబ్బా గుర్తు పడింది. ముందున్నది 'వెంజె'. తర్వాత ర కావచ్చు, డ కావచ్చు, ల కావచ్చు.

"వెంజె... ఏంటండీ మాస్టారూ?"

ఆయన ఆ సగం మాటను రెండుసార్లు పలికి చూసుకున్నారు. "నేనే రాశానా?" అన్నారు.

"మీ పెన్‌డ్రైవులోదేనండీ."

"నేను రాసుంటే నాకు తెలియాలిగా."

ఆయనకు గుర్తు రావాలని ఆ మాటను ఎన్నోచోట్ల అడిగాను. షాపుకు వచ్చిన రైతుల్ని అడిగాను, ఎరువుల కొట్టులో అడిగాను. కూచిపూడి దారిలో ఊడ్పులకు వచ్చిన ఆడవాళ్లను కాలవ గట్టున నిలబడి అడిగాను. అడగడానికి సగం మాట సరిపోదు. అందుకని 'వెంజెర' అని అడిగాను. చివరి అక్షరం నేనే పెట్టుకున్నాను. వాళ్లలో పెద్దావిడ నడుం ఎత్తి, చేతి బురద నీళ్లలో జాడించి, "ఆ, మా అమ్మమ్మ అంటా ఉండేదమ్మా. దేన్ననేదో మరి, చిన్నపిల్లని," అంది. పక్కావిడ, "నీకన్నీ తెలుసులే, మొన్న నీ చెప్పులెక్కడున్నయ్యో తెలవలా," అంటే అందరూ నవ్వారు. పెద్దావిడ నిజంగా వినే ఉండవచ్చు. ఎండలో నిలబడి అడుగుతున్న నన్ను చూసి జాలిపడి అని ఉండవచ్చు.

ఆ సంగతి మాస్టారికి చెప్పాను. ఆయన మొహం వెలిగింది.

"చూశావా! ఉంది! వెంజెర. ఆ, ఉంది. నీళ్లకి సంబంధించిందే. నీళ్లు తీసేశాక... ఆ, వస్తది, వస్తది."

ఆ అక్షరం నేను పెట్టిందేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యి గాలిలో తడుముతూ నా భుజం మీదికి వచ్చింది.

"పుస్తకంలో పెట్టమ్మా. కింద ఏం రాయకు, ఖాళీ వదిలెయ్. ఎరిగినోళ్లు చూసుకుంటారు. మాట మటుకు పోకూడదు."

"అలాగే మాస్టారూ."

ఇప్పుడు విజయవాడలో ఒక ప్రెస్సులో పనిచేస్తున్నాను. పుస్తకం అక్కడే వేయించాను. ఆ పేజీ వచ్చినప్పుడు వెం కొట్టాను, జె కొట్టాను. డబ్బా గుర్తు పెట్టనా, ర పెట్టనా అని మీటల మీద వేలు చాలాసేపు ఆగింది. పుస్తకం పని మీద వచ్చిన మాస్టారు పక్క గదిలో ప్రెస్సు వాళ్లెవరికో చెప్పడం వినబడుతూనే ఉంది. "మా ఊళ్లో అందరూ అనేవాళ్లండీ ఆ మాట." ర కొట్టాను.